అమ్మమ్మ పెళ్ళికి నేను తోడిపెళ్ళికూతుర్ని

మా అమ్మమ్మ జెల్ఫా పెళ్ళినాటికి నాకు పన్నెండేళ్ళు. తోడిపెళ్ళికూతుళ్ళలో నేనూ ఒకదాన్ని. బ్లూఫీల్డ్స్ పట్నంలో నేను పాఠాలు చెప్పే రోజుల్లో ఈ మాట అంటే తోటి టీచరు ఒకావిడ, "మీ అమ్మమ్మకు రెండో పెళ్ళా?" అని గొంతు తగ్గించి అడిగింది. కాదు, మొదటిదే. పెళ్ళికొడుకు మా తాతే. అప్పటికి వాళ్ళిద్దరికీ పదకొండుమంది పిల్లలు, ఇరవై ఆరుగురు మనవలు. అందరం పెళ్ళికి వెళ్ళాం.

మా ఊళ్ళో పెళ్ళి లేకుండా కాపరం చెయ్యడం ఆ రోజుల్లో వింతేమీ కాదు. కుర్రాడు దోనె చెక్కించుకుంటాడు, నాలుగు స్తంభాల మీద ఇల్లు వేస్తాడు, పిల్లని తెచ్చుకుంటాడు. పెళ్ళి సంగతి తీరిక దొరికినప్పుడు చూసుకుంటారు. మా మొరేవియన్ క్రైస్తవ సంఘం మాత్రం ఒప్పుకునేది కాదు. పెళ్ళి కాని జంటలు ఆరాధనకు రావచ్చు, పాటలు పాడవచ్చు, కానుకలు వెయ్యవచ్చు. ప్రభువు బల్ల దగ్గరికి వచ్చి ఆ రొట్టె, ఆ ద్రాక్షరసం మాత్రం తీసుకోకూడదు. బల్ల ఆచరించే ఆదివారం మొదటి భాగం అవగానే లేచి బయటికి పోవాలి. వాళ్ళకోసమే అన్నట్టు తలుపు పక్కన ఆఖరి బెంచీ ఒకటి ఉండేది.

అమ్మమ్మ పంతొమ్మిదో ఏట తాత ఇంటికి వచ్చింది. ఆ వారమే ఆఖరి బెంచీలోకి మారింది. ముప్పైతొమ్మిదేళ్ళు అక్కడే కూర్చుంది.

కూర్చుందంటే ఊరికే కూర్చోలేదు. బల్ల మీద పరిచే తెల్లగుడ్డ ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసేది ఆమె. చర్చిలో అందరూ కలిసి తినే ప్రేమవిందుకు మూడొందల బన్నులు కాల్చేది ఆమె. గంట కొట్టేవాడు నిద్రపోతే వెళ్ళి వాడి తలుపు కొట్టేదీ ఆమే. ప్రసంగం మరీ సాగితే పాటల పుస్తకం టప్పున మూసేది. ఆ చప్పుడు వినపడగానే ఏ పాస్టరైనా రెండు నిమిషాల్లో ఆమెన్‌కి వచ్చేవాడు. ముందు బెంచీల్లో కూర్చునే పెద్దలు మీసాలు దువ్వుకుంటూ సంఘాన్ని తామే నడుపుతున్నామనుకునేవాళ్ళు. అమ్మమ్మ వాళ్ళని అలాగే అనుకోనిచ్చేది.

ఆరాధన అయ్యాక మా అందరికీ భోజనం ఆమె ఇంట్లోనే. కొబ్బరిపాలలో చేపా, కర్రపెండలం, పచ్చి అరటికాయా ఉడికించిన రన్‌డౌన్ వాసన వీధి చివరికి వచ్చేది. కానీ పళ్ళెం ఊరికే రాదు. అమ్మమ్మ గరిటె పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడేది.

"ఇవాళ వాక్యం ఏది?"

చెప్పినవాడికి పళ్ళెం. తడబడినవాడికి చేప తల. అసలు చర్చికే రానివాడికి గుమ్మం. అమ్మమ్మ అల్లుళ్ళలో ఒకాయన, నలభై దాటినవాడు, గడ్డంలో తెల్లవెంట్రుకలు వచ్చినవాడు, మెట్ల మీద కూర్చుని నా చేత వాక్యం బట్టీ పట్టించుకోవడం నాకింకా గుర్తే.

ఒక్క తాత రేబర్న్‌కి మాత్రం ఎప్పుడూ నిండుపళ్ళెమే. ఆయన చర్చి గడప తొక్కేవాడు కాదు. చర్చి వెనక గోడ సరస్సు ఒడ్డునే. ఆదివారం పొద్దున్నే దోనె తెచ్చి ఆ గోడ నీడలో కట్టేసి, వల బాగుచేసుకుంటూ కిటికీలోంచి వచ్చేదంతా వినేవాడు. అధ్యాయం, వచనం, పాస్టరు ఎక్కడ దగ్గాడో అన్నీ చెప్పేవాడు.

"లోపలికొచ్చి కూర్చుంటే ఏం పోయిందయ్యా నీకు?" అనేది అమ్మమ్మ.

"లోపలికొస్తే పెళ్ళి చేసి పంపిస్తారే."

అసలు గొడవ ఇదీ. మా తాత తుఫానుకి భయపడడు, సొరచేపకి భయపడడు. పెళ్ళికి భయపడేవాడు. తమ ఇంగ్రామ్‌ల వంశంలో పెళ్ళి చేసుకున్న మగవాడు ఏడాది తిరక్కుండా పోతాడని ఆయన గట్టి నమ్మకం. వాళ్ళ తాత అరవయ్యో ఏట పాస్టరు పోరు పడలేక పెళ్ళి చేసుకుంటే ఎనిమిదో నెలలో పిడుగు పడింది. వాళ్ళ అన్న శనివారం పెళ్ళి చేసుకుంటే మంగళవారం దోనె తిరగబడింది. వాళ్ళ నాన్న సంగతి మరీ ఘోరం.

"మీ నాన్న జ్వరంతో పోయాడయ్యా," అని అమ్మమ్మ వెయ్యిసార్లు చెప్పింది. "మంచంలో ఉన్నవాడికి, పోయేముందు మర్యాదగా ఉంటుందని పెళ్ళి చేశారు."

"జ్వరం ఎన్నాళ్ళుంది?"

"పన్నెండ్రోజులు."

"పన్నెండ్రోజులు జ్వరముంటే చావలేదు. పెళ్ళైన పూటకే పోయాడు. ఇప్పుడు చెప్పు, ఏది చంపినట్టు?"

అమ్మమ్మ కర్రపెండలం దుంపని రెండు దెబ్బలు ఎక్కువ కొట్టేది.

పాస్టర్లు ఒకరి తరవాత ఒకరు ప్రయత్నించారు. మొదటాయన జర్మనీ నుంచి వచ్చిన పెద్దమనిషి. తాతతో మూడు సాయంత్రాలు కూర్చుని మాట్లాడాడు. మూడో సాయంత్రానికి ఆయనకి తాబేళ్ళ వల అల్లడం వచ్చింది, తాతకి పెళ్ళి రాలేదు. తరవాత వచ్చినాయన కఠినుడు. ఊళ్ళో పెళ్ళి లేకుండా ఉన్న జంటలందరి పేర్లూ రాసి, ఒకే శనివారం తొమ్మిది పెళ్ళిళ్ళు పెట్టాడు. తాత ఆ గురువారమే సముద్రంలో తాబేళ్ళు పట్టే దిబ్బలకని తెరచాప ఎత్తాడు. ఆరు వారాలకి తిరిగొచ్చాడు.

"ఆరు వారాలకి రెండు తాబేళ్ళా?" అంది అమ్మమ్మ దోనెలోకి చూసి.

"ఈ ఏడాది తాబేళ్ళు కూడా భయపడి దాక్కున్నాయే," అన్నాడు తాత.

ఆ తొమ్మిది జంటల్లో మా పక్కింటి మిస్ ఓర్ఫా, ఆవిడ మొగుడూ ఉన్నారు. మా ఊళ్ళో పెద్ద ఆడవాళ్ళని, పెళ్ళైనా కాకపోయినా, మిస్ అనే పిలుస్తాం. మర్నాటి నుంచే మిస్ ఓర్ఫా ఆఖరి బెంచీ నుంచి మూడో బెంచీకి మారింది. అంతకు ముందు రోజుదాకా అమ్మమ్మ పక్కనే కూర్చున్న మనిషి, అప్పటి నుంచి లోపలికి వస్తూ ఆఖరి బెంచీ దగ్గర గౌను అంచు కొంచెం పక్కకి పట్టుకుని నడిచేది. ఆ గౌను అంచు సంగతి అమ్మమ్మ డెబ్భై ఏళ్ళ వయసులో కూడా చెప్పేది.

బయటికి అలా నవ్వుతూ ఉండేదిగానీ లోపల ఆమెకి బాధే. బల్ల ఆదివారాల్లో బయటికి వచ్చేసి, సమాధుల మధ్య గడ్డి పీకుతూ ఉండేది. మా అమ్మ చిన్నప్పుడు, "గడ్డి సోమవారం పీకొచ్చు కదమ్మా," అంటే, "సోమవారం నా చేతులు ఊరికే ఉండగలవే. ఇవాళ ఉండలేవు," అందట. తాతని వదిలేస్తే ఆ ఆదివారమే బల్లకి రావచ్చని కఠినమైన పాస్టరు చెప్పాడు. "ఆయన్ని వదిలిపెట్టి వచ్చి నేను తింటే ఆ రొట్టె నా గొంతు దిగదు పాస్టరుగారూ," అని ఆమె బన్నుల పిండి కలుపుకోవడానికి వెళ్ళిపోయింది.

ఇక్కడ అమ్మమ్మ ప్రార్థనల గురించి చెప్పాలి. ఊళ్ళో అందరూ ప్రార్థన చేసేవాళ్ళే. అమ్మమ్మ చేస్తే పని జరిగేది. పని చెయ్యని మా పెద్దబావ కోసం ఒక బుధవారం మోకాళ్ళూనింది; శుక్రవారం కలప నరికించే మేస్త్రీ వచ్చి, వద్దు వద్దంటున్నా అతన్ని అడవికి తీసుకుపోయాడు. అన్నిటికంటే మిస్ ఓర్ఫా పంది కథ పెద్దది. ఆ పంది రోజూ కంచె దాటి వచ్చి మా కర్రపెండలం తవ్వేది. అమ్మమ్మ మూడుసార్లు చెప్పింది. మిస్ ఓర్ఫా మూడో బెంచీ మనిషి కదా, వినలేదు. అమ్మమ్మ పెరట్లో నిలబడి ఊరంతా వినేటట్టు, "ప్రభువా, ఈ పందిని నువ్వే చూసుకో," అంది. మూడో రోజు నీళ్ళు తాగడానికి సరస్సులో దిగిన పందిని మొసలి పట్టుకుపోయింది. మిస్ ఓర్ఫా పాస్టరు దగ్గరికి పోయి ఫిర్యాదు చేసింది. మొసలిని సంఘం ముందుకి పిలవలేం కదమ్మా అని ఆయన పంపించేశాడు. ఆ తరవాత ఊళ్ళో ఎవరూ అమ్మమ్మ ప్రార్థనకి అడ్డంగా నిలబడలేదు.

పంతొమ్మిదివందల అరవై ఆరులో మా ఆఖరి పిన్ని ఐవరీన్‌కి సంబంధం కుదిరింది. కుర్రాడు బ్లూఫీల్డ్స్‌లో కుట్టుమిషన్లు బాగుచేసేవాడు, మంచివాడు. వాళ్ళమ్మ మిస్ గ్లెండోరా మాత్రం పట్నం మనిషి, ఇంట్లో కూడా చేతితొడుగులు వేసుకునే రకం. మాటలకి వచ్చి, కొబ్బరి రొట్టె తిని, అల్లం బీరు తాగి, చర్చి చూస్తానంది. చూసి తలుపు దగ్గర ఆగింది.

"పెళ్ళినాడు మీరెక్కడ కూర్చుంటారు?" అని అమ్మమ్మని అడిగింది.

"ఎప్పుడూ కూర్చునే చోటే. ఇదిగో, ఈ బెంచీ."

"పెళ్ళికూతురి తల్లి ఆఖరి బెంచీలోనా! మావాళ్ళకి నేనేం చెప్పుకోను?"

అమ్మమ్మ నవ్వింది. కానీ ఐవరీన్ పిన్ని ఏడుస్తూ ఇంటికి పరిగెత్తడం చూసింది. ఆ వారం అమ్మమ్మ గడ్డి బాగా పీకింది, ఆదివారం కాకపోయినా.

శనివారం మధ్యాహ్నం తాత అరుగు మీద కాళ్ళు చాపుకుని కాఫీ తాగుతుంటే వచ్చి ఎదురుగా కూర్చుంది. మేం పిల్లలం సీమపనసకాయలు కాలుస్తూ పెరట్లోనే ఉన్నాం. ప్రతి మాటా విన్నాం.

"రేబర్న్, నీకో మాట చెప్పాలి. నువ్వు పెళ్ళికి ఒప్పుకోవాలని ముప్పైతొమ్మిదేళ్ళుగా ప్రార్థన చేశాను."

"తెలుసు."

"ఇవాళ్టి నుంచి ఆ ప్రార్థన మానేశాను."

తాత మొహం వికసించింది. "మంచి పని చేశావే. ఎన్నాళ్ళని ఆయన్ని విసిగిస్తావు?"

"వేరే ప్రార్థన మొదలుపెట్టాను."

"ఏమని?"

"పెళ్ళైన ఆడది బల్లకి రావచ్చు. మగతోడు లేని ఆడదీ రావచ్చు. మొదటిది నీ చేతుల్లో ఉంది, నువ్వు చెయ్యవు. రెండోది ప్రభువు చేతుల్లో ఉంది. నిన్ను ముందు తీసుకోమని అడుగుతున్నాను. నొప్పి లేకుండా తీసుకోమనే అడిగాన్లే. ఐవరీన్ పెళ్ళిలోపు."



"ఏమే, నువ్వు మనిషివేనా?"

"మనిషినే. అందుకే నొప్పి లేకుండా అన్నాను."

తాత కాఫీ కింద పెట్టి, టోపీ కూడా పెట్టుకోకుండా అప్పటి మా పాస్టర్ లెమ్యుయెల్ గారింటికి వెళ్ళాడు. ఆ ఇంటి గడప ఆయన తొక్కడం అదే మొదటిసారి. అక్కడ జరిగింది పాస్టరుగారే తరవాతెప్పుడో మా ఇంట్లో రన్‌డౌన్ తింటూ, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ చెప్పారు.

"పాస్టరుగారూ, మనిషి చావాలని ప్రార్థన చెయ్యొచ్చా?"

"తప్పు రేబర్న్. మహాపాపం."

"అలా అనండి! పాపం కదా. అయితే దేవుడు వినడు."

"వినడు. అలాంటి ప్రార్థన ఎందుకు వింటాడు?"

"చేసింది జెల్ఫా అయినా?"

పాస్టరుగారు నోరు తెరిచారట. ఆయనకి పంది గుర్తొచ్చింది. నోరు మూసుకున్నారు.

"పెళ్ళి చేసుకుంటే ఏడాది గడువుంది నాకు," అన్నాడు తాత చివరికి, వేళ్ళు లెక్కపెట్టుకుంటూ. "మా తాత ఎనిమిది నెలలు బతికాడు. ఆవిడ ప్రార్థనకైతే మూడు రోజులే. రాసుకోండి పాస్టరుగారూ. పెళ్ళి."

ఐవరీన్ పిన్ని పెళ్ళికి రెండు వారాల ముందు శనివారం ముహూర్తం. తాత తన ఏర్పాట్లు తను చేసుకున్నాడు. దేవదారు చెక్కతో శవపేటిక చేయించాడు. కొలతకి వడ్రంగి ముందు బల్ల మీద పడుకుని, "భుజాల దగ్గర కొంచెం వదులుగా ఉంచు," అన్నాడు. నల్లసూటు కుట్టించాడు. దర్జీ పెళ్ళికా అంటే, "రెండింటికీ," అన్నాడు. తాబేళ్ళ వలలు పెద్దమామయ్యకీ, దోనె రెండో మామయ్యకీ ఇచ్చేశాడు. ఊరంతా తిరిగి, చిన్నప్పటి నుంచి ఎవరిని తిట్టాడో వాళ్ళందరి దగ్గరా క్షమాపణ చెప్పుకున్నాడు. దానికి మూడు రోజులు పట్టింది.

పాస్టరుగారి భార్య తెల్లగౌను పంపిస్తానంటే అమ్మమ్మ వద్దంది. "పదకొండుమందిని కన్నాక తెలుపు తొడిగితే దేవుడికి నవ్వొస్తుందమ్మా, ఆరాధన చెడుతుంది." లేతనీలం గౌను, అదే రంగు పూలున్న టోపీ వేసుకుంది. ఆమె ముందు నడిచిన తోడిపెళ్ళికూతుళ్ళు తొమ్మిదిమందిలో నలుగురు కూతుళ్ళు, అయిదుగురం మనవరాళ్ళం. మా అమ్మ ఆ టైముకి ఎనిమిదో నెల గర్భిణి. మిస్ గ్లెండోరా బ్లూఫీల్డ్స్ నుంచి పడవ మీద వచ్చి, చేతితొడుగులతో, నోరు తెరుచుకుని చూసింది.

పాస్టరుగారు, "ఈ పెళ్ళికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పండి," అన్నారు. అందరికంటే ముందు వెనక్కి తిరిగి ఆశగా చూసింది పెళ్ళికొడుకే. ఎవరూ లేవలేదు. మా చిన్నమామయ్య తుమ్మితే తాత అతనివైపు చెయ్యి కూడా చాపాడు.

"మరణం మిమ్మల్ని వేరుచేసేవరకు..." అని పాస్టరుగారు మొదలుపెట్టారు.

"పాస్టరుగారూ," అన్నాడు తాత మెల్లగా, కానీ మూడో బెంచీదాకా వినపడింది, "ఆ ముక్క వదిలేస్తే కుదరదా?"

"కుదరదు రేబర్న్."

"తెలిసిన సంగతే కదా, మళ్ళీ పైకి అనడమెందుకని."

అమ్మమ్మ మోచేత్తో డొక్కలో ఒక్కటి పొడిచింది. తాత గబగబా అనేశాడు. చర్చంతా చప్పట్లు కొట్టింది. మా చర్చిలో అంతకు ముందు చప్పట్లు కొట్టే అలవాటు లేదు.

మర్నాడు బల్ల ఆదివారం. అమ్మమ్మ తను ఉతికిన గుడ్డ పరిచిన బల్ల దగ్గరికి ముప్పైతొమ్మిదేళ్ళ తరవాత మొదటిసారి నడిచింది. ఆఖరి బెంచీ నుంచి బల్లదాకా ఇరవైరెండు అడుగులు; నేను లెక్కపెట్టాను. తాత పక్కనే, సూటులో, ఉరికంబం ఎక్కుతున్నవాడిలా నడిచాడు. అమ్మమ్మ రొట్టె తీసుకుంది, రసం తాగింది. మోకాళ్ళ మీద నుంచి లేవడానికి చాలాసేపు పట్టింది. కళ్ళు తుడుచుకోలేదు, మొహం దాచుకోలేదు. తిరిగొస్తూ మిస్ ఓర్ఫా దగ్గర ఒక్క క్షణం ఆగింది. మిస్ ఓర్ఫా గౌను అంచు బెంచీ బయటికి వేలాడుతోంది. అమ్మమ్మ వంగి దాన్ని తీసి ఆవిడ ఒళ్ళో సర్ది, "తొక్కుతారు ఓర్ఫా," అంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మిస్ ఓర్ఫా వెక్కివెక్కి ఏడ్చింది.

ఆ మధ్యాహ్నం రన్‌డౌన్‌లో ఉప్పే లేదు. వాక్యం అడగడం కూడా మర్చిపోయి అందరికీ పెట్టేసింది. ఉప్పు సంగతి చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. తాత రెండు పళ్ళేలు తిన్నాడు.

ఇక తాత చావు కోసం ఎదురుచూడ్డం మొదలైంది. ఏం పనీ పెట్టుకోకుండా అరుగు మీద కూర్చునేవాడు. పిడుగుల రోజుల్లో చెట్టు కిందికి వెళ్ళేవాడు కాదు, దోనె ఎక్కేవాడు కాదు, దగ్గొస్తే పిల్లలందరినీ పిలిపించేవాడు. రెండు నెలలు చూసి అమ్మమ్మ ఒకనాడు సుత్తి తెచ్చి ఒళ్ళో పడేసింది.

"చచ్చేవాడివి ఎలాగూ చస్తావు. ఈలోగా ఆ కంచె బాగుచెయ్యి."

ఎనిమిదో నెల దాటింది. ఏడాది నిండింది. ఆ రోజు పొద్దున్న తాత పోవడానికి సిద్ధంగా ఉందామని సూటు తీశాడు. పట్టలేదు. ఏడాదిపాటు కూర్చుని తిన్నందుకు పొట్ట వచ్చింది. బొత్తాలు పెట్టుకోలేక, బనీను మీద కోటు వేసుకుని సాయంత్రందాకా అరుగు మీద కూర్చున్నాడు. దారినపోయేవాళ్ళందరూ, "ఇంకా ఉన్నావా రేబర్న్?" అని పలకరించారు. చీకటి పడే ముందు లేచి, ఎవరితోనూ మాట్లాడకుండా రెండో మామయ్య ఇంటికి వెళ్ళి దోనె వెనక్కి తెచ్చుకున్నాడు.

శవపేటికలో కొన్నాళ్ళు బియ్యం పోశారు. తరవాత మూత విరిగితే కోళ్ళు గుడ్లు పెట్టాయి. డెబ్భై ఒకటిలో మిస్ ఓర్ఫా మొగుడు ఉన్నట్టుండి పోతే, తాత దాన్ని కడిగి, కొత్త మూత కొట్టి ఇచ్చేశాడు. "భుజాల దగ్గర వదులుగా ఉంటుంది, సుఖపడతాడు," అన్నాడు.

పెళ్ళయ్యాక పాస్టరుగారు అమ్మమ్మకి రెండో బెంచీలో చోటు చూపించారు. ఆమె బల్ల దగ్గరికి వెళ్ళి వచ్చి మళ్ళీ ఆఖరి బెంచీలోనే కూర్చుంది. "అక్కడి నుంచి ఎవరొచ్చారో ఎవరు రాలేదో కనపడదు పాస్టరుగారూ," అంది. నిజం వేరే ఉందని మాకు తెలుసు. పెళ్ళి కాని తల్లులు చంటిపిల్లల్ని ఎత్తుకుని అక్కడే కూర్చుంటారు. ఆరాధన సాగుతుండగా ఆ పిల్లల్ని ఒళ్ళోంచి ఒళ్ళోకి మార్చే పని ఆమెది. చాలా ఏళ్ళ తరవాత, కొత్తగా వచ్చిన ఒక కుర్ర పాస్టరు ఆ తల్లుల పేర్లు సంఘం ముందు చదువుతానన్నాడు. అమ్మమ్మకి అప్పటికి ఎనభై దగ్గరపడ్డాయి. లేచి నిలబడింది.

"చదువు నాయనా. కానీ ఆ బెంచీ కింద పలక ఒకటి ఊడింది, కాళ్ళకి చలిగాలి కొడుతుంది. దగ్గర దగ్గర అరవై ఏళ్ళు కూర్చున్నదాన్ని, నాకు తెలుసు. ముందు ఆ పలక కొట్టించు. ఆ తరవాత వాళ్ళ తప్పుల సంగతి చూద్దాం."

కుర్ర పాస్టరు మర్నాడు తనే సుత్తీ మేకులూ తెచ్చాడు. పలక ఊడిన మాట నిజమే. మోకాళ్ళ మీద కూర్చుని మేకులు కొడుతూ ఆ బెంచీని కిందనుంచి చూశాడు. పేర్లు మాత్రం ఎప్పుడూ చదవలేదు.

ఎనభై ఎనిమిదిలో వచ్చిన తుఫానుకి మా ఇంటి పైకప్పు ఎగిరిపోయింది. ఎనభై ఆరేళ్ళ వయసులో తాత, ఎంత చెప్పినా వినకుండా, వానలో రేకులు ఎత్తడానికి ఎక్కాడు. అలా తడిసినందుకు ఊపిరితిత్తులు పాడయ్యాయి. మంచం పట్టి, ఒక మధ్యాహ్నం అమ్మమ్మని దగ్గరికి రమ్మన్నాడు.

"చెప్పానా జెల్ఫా? పెళ్ళి చేసుకుంటే చస్తానని చెప్పానా లేదా?"

"ఇరవై రెండేళ్ళు పట్టిందిగా. దేంట్లోనైనా బద్ధకమే నీకు."

తాత నవ్వాడు, దగ్గాడు, మళ్ళీ నవ్వాడు. ఆమె చెయ్యి వదల్లేదు. మర్నాడు పొద్దున్న పోయాడు. ఆయన పోయాక నలభై రోజులు అమ్మమ్మ ఆయన దోనె కట్టే చోటికి పొద్దున్నే వెళ్ళి, ఆనాటి వాక్యం నీళ్ళకేసి చదివి వచ్చేది. ఎందుకంటే, "అక్కడ కూర్చునే వినేవాడు," అంది. నలభై ఒకటో రోజు నుంచి మళ్ళీ గరిటె పట్టుకుంది.

ఆ తరవాత పదహారేళ్ళు బతికింది. పెద్దమామయ్యని, మా అమ్మని తన చేతుల మీదుగానే సాగనంపింది. తొంభై నాలుగో ఏట కాళ్ళు రాక చర్చికి పోలేకపోయింది. భర్త పోయాక తిరిగొచ్చిన ఐవరీన్ పిన్ని ఆమెకి తోడుగా ఉండేది. రేడియోలో బ్లూఫీల్డ్స్ నుంచి వచ్చే ప్రసంగాలు పెట్టేది. అమ్మమ్మ రేడియో పక్కన టోపీ పెట్టుకుని కూర్చునేది, ప్రసంగీకుడికి జవాబులు చెప్పేది. "సరిగ్గా చెప్పావు." "కాదు నాయనా, ఆ మాట పౌలు అనలేదు, పేతురు." "ఇంత అరవాలా? చెవిటిదాన్ని కాదు." ప్రసంగం మరీ సాగితే తిట్టేది. ఐవరీన్ పిన్ని వంటింట్లోంచి, "వాడికి వినపడదే అమ్మా!" అంటే, "వినపడకపోతే పాపం వాడిదే," అనేది.

తొంభై ఏడో ఏట, ఫిబ్రవరిలో, ఒక గురువారం పొద్దున్న పదింటి ప్రసంగం వస్తోంది. ఐవరీన్ పిన్ని కొబ్బరి తురుముతోంది. ప్రసంగీకుడెవరో కొత్తవాడు, ఏలియా గురించి చెబుతూ ఊరి పేరు తప్పు చెప్పాడు. పిన్నికే తెలిసిపోయింది. అమ్మమ్మ ఏమంటుందోనని చెయ్యి ఆపి చూసింది. ఏమీ అనలేదు. ఇంకోసారి తప్పు చెప్పాడు. అప్పుడూ అనలేదు.

పిన్ని కొబ్బరిచిప్ప కింద పెట్టి వెళ్ళి చూసింది. అమ్మమ్మ కుర్చీలో నిటారుగా, టోపీతో, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఉంది. పిన్ని ఆమె చెయ్యి పట్టుకుని పక్కనున్న పీట మీద కూర్చుంది. ప్రసంగం ఇంకా అవలేదు. మధ్యలో కట్టేస్తే అమ్మమ్మ ఊరుకునేది కాదని పిన్నికి తెలుసు. ఆఖరి పాట అయ్యేదాకా, ఆశీర్వాదం చెప్పేదాకా ఆగింది. ఆమెన్ అంది. అప్పుడు రేడియో కట్టేసి, అప్పుడు ఏడ్చింది.